నీళ్లు పెరిగిన గుహ

పొద్దున్న మా అన్నయ్య కూతురు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. ఆ ఆటల మేళా ఈసారి కూడా అరకులోనేనట, వస్తావా అత్తా అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే అరచేతులకు చెమట పట్టి ఉంది. అరవై దాటిన మనిషిని, బళ్లో పిల్లల్ని భయపెట్టే ఉద్యోగం వెలగబెట్టినదాన్ని, ఒక ఆటకి ఇంత భయపడతానని ఎవరికి చెప్పుకోను?

ఆట అంటే పరుగులూ దూకుళ్లూ కాదు. బల్ల చుట్టూ కూర్చుని అల్లే కథ. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు అందులో మనుషులవుతారు. ఇప్పుడేం చేస్తావు అని అడిగితే చెప్పాలి. అనుకున్నది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. మా అన్నయ్య కూతురు సెలవులకి అనంతగిరిలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఆ గుంటే నాకు నేర్పింది. మా ఆటలో ఎవరూ చచ్చిపోయేవారు కాదు. దెయ్యం ఎదురైతే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేదాన్ని. కథ అక్కడే ఆగిపోయినా ఆ పిల్ల విసుక్కునేది కాదు.

పోయినసారి వెళ్లిన మేళాలో మాత్రం రెండు లోకాలు. రిసార్టు వరండాలో సరదా బల్లలు, నవ్వులు, బొంగు చికెన్ వాసన. లోపలి హాల్లో పోటీ బల్లలు, గోడ మీద గడియారం, ప్రతి జట్టు పక్కనా మార్కులు వేసే మనిషి. నేను వరండాలోనే కూర్చున్నాను. కానీ మా పిల్ల జట్టులో ఒకరికి జ్వరం తగిలింది. నువ్వు ఊరికే కూకుంటే సాలత్తా అంటూ నన్ను హాల్లోకి లాక్కుపోయింది.

కథ నడిపే అబ్బాయి గొంతు పెంచడు. అందుకే భయం వేసింది. మమ్మల్ని ఒక గుహలోకి దింపాడు. పైన వాన. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయన్నాడు. నా కాలు బండల మధ్య ఇరుక్కుందన్నాడు. చిన్నప్పుడు నేను గెడ్డ, అదే కొండవాగు, దాటుతుంటే, కొండ మీద పడ్డ వాన ఒక్కసారిగా వరదై వచ్చింది. మా నాన్న వచ్చేదాకా ఒక వేరు పట్టుకుని వేలాడాను. ఆ బురదనీళ్ల వాసన ఇప్పుడు హాల్లో నా ముక్కుకి తగిలింది. ఏం చేస్తారాంటీ అని అబ్బాయి అడిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను. కిటికీ బయట మంచు కమ్మేసి చెట్లు కూడా కనబడటం లేదు.

జట్టు నాయకురాలు హైదరాబాదు అమ్మాయి. ఆగితే టైమ్ పోతుందని, ఒక మనిషిని పోగొట్టుకుంటే తగ్గే మార్కులు అంతకన్నా తక్కువేనని మెల్లగా చెప్పింది. నేను మా పిల్ల వైపు చూశాను. ఆమె గడియారం వైపు చూస్తోంది.

"వదిలేద్దాం. పదండి," అంది మా పిల్ల.

నీళ్లు నా గడ్డం దాటాయని అబ్బాయి చెప్పాడు. నిజంగానే ఊపిరి అందలేదు. కానీ నీళ్లకన్నా ఎక్కువగా నన్ను వణికించింది ఆ ముఖం. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల ముఖంలో నేనెక్కడా లేను. లేచి, కుర్చీలు పట్టుకుంటూ వరండాలోకి వచ్చిపడ్డాను.

జట్టు నెగ్గింది. చప్పట్లు వినిపించాయి. కాసేపటికి మా పిల్ల వచ్చి నా పక్కన కూలబడింది.

"అత్తా, అక్కడున్నది నువ్వని గురుతే రానేదు. నన్ను సూత్తే నాకే బయమేత్తంది."

కోప్పడదామనే అనుకున్నాను. ఫైనల్‌కి పిలుపొచ్చినా ఆమె లేవలేదు. నాయకురాలు బతిమాలింది, తర్వాత మొహం ముడుచుకుని వెళ్లిపోయింది. పాపం, ఆ అమ్మాయి వచ్చిందే నెగ్గడానికి. మా పిల్ల వరండాలో కథలు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి, మమ్మల్ని ఆ గుహలోకే మళ్లీ తీసుకెళ్లమంది. వద్దన్నాను.

"నానుంటానత్తా. ఈసారి నిన్నొగ్గేసి పోను," అంది.

నీళ్లు మళ్లీ పెరిగాయి. భయం ఏమాత్రం తగ్గలేదు. పాచికలు ఎంతకీ మా వైపు పడలేదు. అయినా ఆమె నాతో ఏదో ఒకటి మాట్లాడుతూ బండ కదుపుతూనే ఉంది. బల్ల మీద నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. ఎప్పటికో బండల మధ్య నుంచి నా కాలు బయటపడింది. నేను అందరి ముందూ ఏడ్చేశాను. అక్కడ మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.

ఏళ్లు గడిస్తే భయం పోతుందనుకునేదాన్ని. పోలేదు గానీ, ఇప్పుడది వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి కూడా వెంట వస్తోంది.