చెరిపేసిన గెంతులు

లూషియన్ పెల్టియేకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అమెరికాలో మేన్ రాష్ట్రం కొసన, నది దాటితే కెనడా వచ్చే ఊళ్లో, బంగాళాదుంపల గోదాంలో పని. యంత్రం మొరాయిస్తే యంత్రాన్ని తిడతాడు, మంచు కురిస్తే ఆకాశాన్ని తిడతాడు. ఈ శీతాకాలం ఆ తిట్లన్నీ మూడో తరగతి లెక్కల మీదికి మళ్లాయి.

వంటింటి బల్ల దగ్గర కూతురు కొలెట్ అరవైమూడులోంచి ఇరవై ఎనిమిది తీసివేస్తోంది. ఒక గీత గీసింది. ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫైకి చిన్న గెంతు, అక్కణ్ణుంచి అరవైకి పెద్ద గెంతు, అరవైమూడుకి ఇంకో చిన్న గెంతు. అన్నీ కూడి ముప్ఫై అయిదు అని రాసింది.

"తీసివేత చెయ్యమంటే కప్పల్ని గెంతిస్తున్నావేంటి?" అన్నాడు లూషియన్.

"హాఫోర్డ్ టీచర్ చెప్పింది నాన్నా. జవాబు కరెక్టేగా!"

"మీ టీచరుకి పనీపాటా లేదు. చాలకపోతే పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలి. బళ్లో మాకలాగే నేర్పారు, మొట్టికాయలతో సహా!"

రబ్బరు లాక్కుని గెంతులన్నీ చెరిపేశాడు. కాగితం చిరిగింది. పిల్ల చేసిన లెక్కను, అదీ సరైన లెక్కను, అంత కసిగా చెరపడానికి ఏ తండ్రికైనా చేతులెలా వస్తాయో!

పొయ్యి మీద బక్‌వీట్ పిండి అట్లు తీస్తున్న అతని భార్య జీనీన్ ఇటు తిరిగింది. "ఎలా చేశావో చెప్పమ్మా అని అడగొచ్చుగా మొగుడా?"

"తప్పుని అడిగేదేంటి?"

"తప్పు కాదు. నీకు తెలీదు, అంతే."

ఆ మాట లూషియన్‌కి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అట్టు ముట్టకుండా లేచిపోయాడు.

ఆ వారమే బళ్లో తల్లిదండ్రుల్ని కూడా పిలిచి లెక్కల సాయంత్రం పెట్టారు. ఇంట్లో లెక్క ఎక్కడ దాగుందో పిల్లలు ఒక వస్తువు తెచ్చి చూపించాలి. కొందరు కొలగిన్నెలు తెచ్చారు. కొలెట్ తమ క్రిబేజ్ అనే పేకాట పలక తెచ్చింది. రోజూ భోజనాలయ్యాక తండ్రీకూతుళ్లు పేకముక్కలు పంచుకుని, గెలిచిన పాయింట్లకి ఆ పలక చిల్లుల్లో పుల్లలు జరుపుతారు. ఆ ఇంట్లో లూషియన్ అరవని సమయం అదొక్కటే.

"నూటఇరవై ఒకటికి చేరితే గెలుపు," అందరి ముందూ చెప్పింది కొలెట్. "నాన్న ఎనభై ఎనిమిదిలో ఉంటే, తొంభైకి రెండు, నూటఇరవైకి ముప్ఫై, ఇంకొకటి, ముప్ఫై మూడు కావాలంటాడు. గెంతులు నాకు టీచర్ కంటే ముందు నాన్నే నేర్పాడు."

గోదాంలో తోటి పనివాడు రోలండ్ పగలబడి నవ్వాడు. "ఒరేయ్ లూషియన్! కొత్త లెక్కలని బూతులు తిడతావు, నువ్వే పెద్ద మాస్టారివన్నమాట!"

పిల్ల చెప్పింది నిజమేనని లూషియన్‌కి అక్కడికక్కడే తెలిసింది. పుల్ల జరిపేటప్పుడు ఏనాడూ అప్పు తెచ్చుకోలేదు. నవ్వేసి పిల్లని దగ్గరికి తీసుకుంటే సరిపోయేది. కానీ మొహం కందగడ్డయింది.

"ఆట వేరు, చదువు వేరు. నోరుమూసుకుని పద!" అని పలక లాగేశాడు. పుల్లలు నేల మీద చెదిరాయి. కొలెట్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుంది. టీచర్ వంగి సాయం చేసింది. లూషియన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

మర్నాడు భోజనాలయ్యాక అతనే పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"రా, ఆడదాం."

"హోంవర్కుంది."

"సరే, చెయ్యి. నేను చూస్తా."

కొలెట్ కాగితం మీద మోచెయ్యి అడ్డంపెట్టింది. "వద్దు. అమ్మకి చూపిస్తా."

"ఎలా చేశావో చెప్పు. వింటాను. అరవను."

"అరుస్తావు." ఆ మాటలో కోపం లేదు. బయట మంచు పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

లూషియన్ రబ్బరు తన దగ్గర లేదన్నట్టు రెండు చేతులూ చాపి చూపించాడు. కొలెట్ ఆ చేతుల వైపు చూసింది. కాగితం మీంచి మోచెయ్యి మాత్రం తియ్యలేదు.