సంచి కట్టి కూర్చుంటే చాలు

కొల్లేటి చెరువుల్లో చేపలకు మేత పెట్టించడం నా పని. తవుడు నింపిన సంచికి చిల్లులు పెట్టి, నీళ్లలో వేలాడదీసి, గట్టున కూర్చుంటాం. చేపలే వచ్చి పొడుచుకు తింటాయి. అలాంటి నేను ఏలూరులో మా ఇంటికి వస్తే పప్పన్నం గిన్నె పట్టుకుని మూడేళ్ల కూతురి వెనక ఇల్లంతా పరుగులు పెడతాను.

ఒక ఆదివారం పొద్దున్న నాకు ఒళ్లు మండింది. "ఏ చేప వెనకైనా పరిగెత్తానా నేను?" అని మా ఆవిడ మీద ఎగిరి, ఆ పూట పిల్ల తిండి నాకు వదిలెయ్యమన్నాను. నెయ్యి రాసిన ఆరు బుల్లి ఇడ్లీలు పళ్లెంలో పెట్టి, పీట మీద ఉంచి, పక్కనే కదలకుండా కూర్చున్నాను. పిల్ల రెండుసార్లు వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. చల్లారిపోతున్నాయని ఒకటి నోట్లో వేసుకున్నాను. నెయ్యి పేరుకుపోతోందని ఇంకొకటి.

మా ఆవిడ వచ్చేసరికి పళ్లెం ఖాళీ. "చూశావా మన పద్ధతి!" అందామనుకున్నాను గానీ, ఆరో ఇడ్లీ ఇంకా నోట్లోనే ఉంది.

ఆవిడ నా పొట్ట వైపు చూసి, "మేత బాగానే తింటోందండీ మీ చేప. ఎదుగుదల కూడా కనిపిస్తోంది," అంది.