వెంట్రుకకు గోరు సాక్ష్యం

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రికి చర్మవ్యాధుల నిపుణురాలిగా బదిలీ చేశారు. సర్వీసులో అదే నా చివరి పోస్టింగు. ఓపీడీకి రోజూ వచ్చేవి తామర, గజ్జి, చెమటకాయలు. వాటి మధ్యలో జుట్టు రాలుతోందని వచ్చేవాళ్లు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక నూనె పేరు చెప్పి, అది రాయమంటారా అని అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక చిన్న తైలగ్రంథి ఉంటుంది, దానికి కావలసిన జిడ్డు అదే ఇస్తుంది. ఈ మాట సర్వీసంతా చెప్పాను. చెవికెక్కించుకున్నవాళ్లు తక్కువ.

ఆ ఆషాఢంలో ఝాన్సీ వచ్చింది. ఆమె అసిస్టెంట్ లోకో పైలట్, అంటే ఇంజన్లో డ్రైవరు పక్కన కూర్చుని సిగ్నల్ రంగు గట్టిగా చెబుతూ వెళ్లే ఉద్యోగం. వెంట వచ్చింది వాళ్ల మామ్మ అప్పలనరసమ్మ, విజయనగరం వైపు మనిషి. భర్త ఇక్కడి లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి పోయాక, మనవరాలి క్వార్టర్లోనే ఉంటోంది. కూర్చోమనేలోపే ప్లాస్టిక్ కవరొకటి నా బల్ల మీద పెట్టింది. లోపల పిడికెడు జుట్టుంది.

"సూడండి డాకటరమ్మా, ఇది నిన్న ఒక్కరోజుది. యేరుతో పాటే ఊడొచ్చీస్తంది. ఇంకేటి మొలుస్తాది?"

సంగతి అడిగితే ఇద్దరూ కలిపి చెప్పారు. చైత్రంలో పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గితే పిల్ల తలనీలాలు ఇస్తానని మామ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కింది. జ్వరం తగ్గింది, డ్యూటీలు మొదలయ్యాయి, ప్రయాణం వాయిదా పడింది. ఇప్పుడు జుట్టు కుచ్చులుకుచ్చులుగా రాలుతుంటే, ఆలస్యానికి అప్పన్నే స్వయంగా లాక్కుంటున్నాడని మామ్మ తేల్చేసింది. పై వారానికి విశాఖ టికెట్లు కూడా తీసుకున్నారు.

"గుండుకి నాకేం లేదు మేడమ్," అంది ఝాన్సీ, కళ్లలో నీళ్లతో. "కానీ సచ్ చెప్పండి, నిజంగా, ఆ తర్వాత మొలవకపోతే? ఉన్నది కూడా పోతే?"

ఆమె జడ నడుము దాటి ఉండేదట. అప్పటికి చూపుడువేలంత సన్నబడింది.

నేను తలలో ఒక పాయ పట్టుకుని మెల్లగా లాగాను. అయిదారు వెంట్రుకలు వచ్చాయి, కొనన తెల్లటి చిన్న బుడిపెలతో. అందరూ వేరనుకుని హడలిపోయేది దీన్నే. అది వేరు కాదు. పెద్ద జ్వరం వస్తే ఒళ్లు పొదుపు పాటిస్తుంది, చాలా వెంట్రుకల పెరుగుదల ఒక్కసారిగా ఆపేస్తుంది. ఆగిన వెంట్రుక రెండుమూడు నెలలు కుదురులోనే కూర్చుని, ఆనక రాలుతుంది. మా భాషలో దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. కుదురు బతికే ఉంటుంది, కింద కొత్త వెంట్రుక తయారవుతుంటుంది. రక్తపరీక్షలు చేయించాను, ఇనుము, థైరాయిడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

డెర్మోస్కోపు, అంటే దీపమున్న భూతద్దం, తల మీద ఆనించి చూస్తే మొనదేలిన పసి వెంట్రుకలు కనిపించాయి. సంబరంగా మామ్మను పిలిచి చూపించాను. ఆమె కళ్లలో శుక్లాలు. "నాకేటీ అవుపడదు. మీరు ఊరికే ధైర్నానికి సెప్తన్నారు," అంది. ఔరా అనుకున్నాను. ఇంత చదువూ ఆ శుక్లాల ముందు ఆగిపోయింది.

ఝాన్సీ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. తడిసి ముద్దయి ఉంది. అరచేతిలో వెంట్రుకా లేదు, తైలగ్రంథీ లేదు, ఉన్నవన్నీ చెమట గ్రంథులే. భయం వాటికి వెంటనే అందుతుంది. చేతిని తిప్పి చూశాను. ప్రతి గోరు మధ్యలోనూ అడ్డంగా ఒక చిన్న గాడి ఉంది. అది జ్వరం తాలూకు జాడ. ఆ రోజుల్లో గోరు పుట్టే చోటా పని కుంటుపడింది. మామ్మ వేలు పట్టుకుని ఆ గాడి మీద రాయించాను.

"ఓలమ్మో! గతుకు తగుల్తంది," అంది.

గోరూ వెంట్రుకా ఒకే సరుకుతో తయారయ్యేవని, రెండూ మొదలు దగ్గరే పెరుగుతాయని, బయటికొచ్చిన భాగానికి ప్రాణం ఉండదని చెప్పాను. తర్వాత, ఇంట్లో గోరింటాకు ఉందా అని అడిగాను. పెరట్లో చెట్టే ఉందట, ఇద్దరూ ఆ ఆదివారమే పెట్టుకోబోతున్నారట. గోరింటాకు రంగు చర్మం మీద వెలిసిపోతుంది, గోటిమీద మాత్రం ఉండిపోతుంది. రంగు కిందనుంచి తెల్లగోరు తోసుకొస్తే పిల్ల ఒళ్లు మళ్లీ పనిలో పడ్డట్టే, జుట్టుకైనా అదే లెక్క అన్నాను. "మాదీ విజయనగరమే మామ్మా, మాకూ అప్పన్నే ఇలవేల్పు. దీపావళి దాకా ఆగమంటే ఆగుతాడు. పూచీ నాది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, టికెట్లు రద్దు చేయించమని మనవరాలితో అంది.

శ్రావణంలో వచ్చారు. ఎర్రటి గోళ్ల మొదట్లో సన్నటి తెల్లని నెలవంక. మామ్మ దాన్ని వేలితో తడిమి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, నేను తెప్పించిన టీ తాగింది. భాద్రపదం నాటికి వంక పెద్దదైంది, గాడి కొనవైపు జరిగింది, కవరు తేవడం మానేశారు. తర్వాతిసారి ఝాన్సీ, ఎప్పుడూ తలకు చుట్టుకొచ్చే స్కార్ఫ్ లేకుండా వచ్చింది. నుదుటి అంచున పసి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, ఎంత దువ్వినా అణగడం లేదని ఫిర్యాదు! నాకు పట్టలేనంత ఆనందం కలిగింది.

కార్తీకంలో సింహాచలం వెళ్లొచ్చారు. ఝాన్సీ మూడు కత్తెరలు మాత్రం ఇచ్చింది, అంటే జడ కొసన మూడుసార్లు కత్తిరించిన జుట్టు. గంధం పూసిన నున్నటి గుండుతో నవ్వుతూ నిలబడింది అప్పలనరసమ్మ. "మొక్కింది నాను. గుండు నాది," అంది. ఆ వెంటనే రెండు చేతులూ నా బల్ల మీద పరిచింది. పది గోళ్లూ ఎర్రగా పండి ఉన్నాయి. "ఎల్లే ముందే పెట్టీసుకున్నాను. సూసి సెప్పండి, నా జుట్టుకెన్నాల్లు? నల్లగా వొస్తాదా?"

రంగు కలిపే కణాలు నాకంటే ముందే రిటైరయ్యాయని చెప్పాను. ఓపీడీ అంతా నవ్వింది.

ఆ తర్వాత నా పదవీ విరమణ దాకా, జుట్టు రాలుతోందని ఎవరొచ్చినా ముందు చేతులు చూపించమన్నాను. తల మీద ఏం జరుగుతోందో రోగికి కనబడదు, గోటిమీద జరిగేది కనబడుతుంది. వాళ్లు తమంతట తాము చూసుకోగలిగే చోటు వెతకడం కూడా వైద్యంలో భాగమే.