సీతారత్నం నూనెలో ఆరు గీతలు

వినుకొండ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సీతారత్నానికి నలభై దాటాక పీహెచ్‌డీ పిచ్చి పట్టింది. నూనె మీద పరిశోధన అనగానే ఊళ్లో అందరూ పత్తిగింజల నూనె అనుకున్నారు. కాదు, భూమిలోంచి తీసే ముడి నూనె. అదీ తారులా చిక్కగా ఉండి, గొట్టాల్లో కదలనని మొరాయించే రకం. దానికి ప్లాస్మా తగిలిస్తే, అంటే మెరుపులాంటి విద్యుత్తును అందులోకి వదిలితే, పెద్ద పెద్ద అణువులు విరిగి నూనె పలచబడుతుంది. నిజంగా విరిగాయో లేదో అయస్కాంత అనునాద యంత్రం చెబుతుంది. సన్నటి గాజు గొట్టంలో నూనె పోసి అయస్కాంతాల మధ్య పెడితే, అణువులు విరిగిన చోట జత తెగిన ఎలక్ట్రాన్లు పలికి కంప్యూటర్ తెర మీద ఒక గీత లేస్తుంది. ఎన్ని విరిగితే గీత అంత పొడుగు.

వారమంతా కాలేజీ, ఆదివారం తొలి బస్సుకు గుంటూరులో ల్యాబు. భర్త జానకిరామయ్య తెలుగు మాస్టారు. "మా ఆవిడకు నాకంటే ఆ జిడ్డే ముద్దండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, ఆదివారం వంట మాత్రం మారు మాట్లాడకుండా తనే చేసేవాడు. సీతారత్నానికి ఈ బతుకు బాగా నచ్చింది.

ఒక ఆదివారం ప్లాస్మా తగిలించిన నూనెను యంత్రంలో పెడితే, లేవాల్సిన గీతకు తోడు మరో ఆరు లేచి కూర్చున్నాయి. గైడు సంజీవరావు చూసి పెదవి విరిచాడు.

"ఆరు గీతలంటే మాంగనీసమ్మా. ప్లాస్మా తగలని మామూలు నూనెలో లేదు, దీన్లో ఉంది. ఉక్కులో మాంగనీసు ఉంటుంది కదా, ప్లాస్మా యంత్రంలో ఉక్కు కడ్డీలు అరిగి నూనెలో కలిసుంటాయి."

"అంటే, ఇప్పటిదాకా చేసిన నూనంతా..."

"పారబొయ్యాల్సిందే. మళ్లీ మొదట్నించీ చెయ్యాలి. మీకిచ్చిన గడువు ఈ ఏడుతో సరి. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? మూడేళ్ల ఆదివారాలు గంగలో కలిసినట్టే. ఇంటికొచ్చి, "ఇక మానేస్తానండీ" అంది. జానకిరామయ్యకు వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు. "మానేద్దువుగానిలే రత్నం, ముందు అన్నం తిను" అన్నాడు.

ఆ మాట గైడుకు చెప్పడానికే మళ్లీ ఆదివారం బయల్దేరింది. వాకిట్లో ముగ్గేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, పరుగున బస్సెక్కింది. ఆమెకు మసిగుడ్డ, తువ్వాలు, రుమాలు అన్నీ ఆ కొంగే. నరసరావుపేట దాటాక కళ్లజోడు మసకేసిందని కొంగుతో తుడిచి పెట్టుకుంటే, లోకం ఇంకాస్త తెల్లబడింది. విసుక్కుంటూ కొంగు చూసుకుంది. అంచు పొడవునా ముగ్గుపిండి.

సీతారత్నానికి ఆరు గీతలు లేచిన ఆదివారం గుర్తొచ్చింది. గొట్టాలను పైన తుడిచి గాని యంత్రంలో పెట్టకూడదు. ఆ వేళ మామూలు నూనె గొట్టాలు తుడిచేసరికి ల్యాబులో కాగితం అయిపోయింది. మరి ప్లాస్మా నూనె గొట్టాలు దేనితో తుడిచింది? ఇంకదేనితో! ముగ్గుపిండి అంటే సున్నపురాయి పొడి. సున్నపురాతిలో మాంగనీసు జాడ ఉంటుందని ఏటా క్లాసులో చెప్పే మహాతల్లి తనే.

ల్యాబుకు వెళ్లీ వెళ్లగానే కొంగు దులిపి, రాలిన పిండిని ఖాళీ గొట్టంలో వేసి చూసింది. అవే ఆరు గీతలు. తర్వాత ప్లాస్మా నూనె గొట్టాన్ని పైన శుభ్రంగా కడిగి, కొత్త కాగితంతో తుడిచి పెట్టింది. ఆరూ మాయం. మిగిలిన ఒక్క గీత మామూలు నూనెలో కంటే బాగా పొడుగ్గా లేచింది. నూనె చెడలేదు, అణువులు విరిగాయి. సంతోషంతో ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు.

సంగతి విని సంజీవరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇక థీసిస్ రాయడం మొదలుపెట్టండి. ఈ ముగ్గు గొడవ మటుకు రాయకండి, పరువు పోతుంది."

"రాస్తానండీ."

"ఎందుకమ్మా, నలుగురూ నవ్వడానికా?"

"నా తర్వాత ఈ యంత్రం ముందు కూర్చునే పిల్ల కూడా ఇంటిపని చేసుకునే వస్తుంది కదండీ. తెలియక, మంచి నూనె పారబోసుకుని ఇంటికెళ్లిపోతుంది."

సంజీవరావు నవ్వాపాడు. "అయితే ముందు ఆ పేజీయే రాయండి" అన్నాడు.