తనే వేసుకున్న ముడి

జుట్టు ముడి వేసుకునేటప్పుడల్లా నాకు నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్లే పల్లెవెలుగు బస్సు గుర్తొస్తుంది. ఆ రోజు నా పక్కసీటావిడ జడ విప్పి ముడి వేసుకోవాలని తంటాలు పడుతోంది. కుడిచేతి వేళ్లు సరిగా వంగడం లేదు. మణికట్టు మీద పొడవాటి కుట్ల మచ్చ. చుట్టిన జుట్టు చుట్టినట్టే జారిపోతోంది.

"ఇటు తిరగమ్మా, నేను వేస్తా," అన్నాను.

"వద్దండి, నేనే ఏసుకోవాలి," అంది నవ్వుతూ.

నూలు మిల్లులో చెయ్యి మిషన్లో పడి నలిగిందట.

"బాగయ్యేదాకా కూర్చుని నూలు కోన్లు చూసే పనిచ్చారండి. దానికి జడతో వెళ్లినా పర్లేదు, మా అత్త అల్లేది. మిషన్ కాడికి మాత్రం జడతో రానివ్వరు. ముడేసి టోపీ పెట్టాల్సిందే. ఇవాళ నా మిషన్ మళ్లీ నాకిస్తున్నారు."

"భయంగా లేదా?"

"ఉందండి. అయినా అది నా మిషనండి."

పిన్ను పళ్ల మధ్య పట్టుకుని, మొండికేస్తున్న వేళ్లతో ఇంకోసారి చుట్టింది. బస్సు గుంతలో పడి ఎగిరింది. ముడి కదల్లేదు.

మిల్లు దగ్గర ఆమె దిగేసరికి షిఫ్టుకొచ్చిన ఆడవాళ్లు గేటు ముందు గుంపుగా ఉన్నారు. ఎవరూ ఆమె చేతివంక చూడలేదు. అందరి చూపూ తల మీదే.

"ముడేసుకొచ్చిందే!" అని ఒకావిడ కేకేసింది. ఇక ఒకటే చప్పట్లు, ఈలలు. ఆమె వెనక్కి తిరిగి, అదే చెయ్యెత్తి నాకు ఊపింది.

కండక్టరు రైట్ చెప్పడం మర్చిపోయాడు.