కళ్లు మూసుకుని నడిచిన దారి

మా పండ్ల డాక్టరు సారు పోయారని మొన్న పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. నా వయసెంతో మొదట తేల్చిన మనిషి ఆయన. అందుకే ఈ నాలుగు మాటలు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. నేను పట్నంలో ఒక పెద్దింట్లో పనికి ఉండేదాన్ని. అమ్మ తీసుకుపోతానంటే వాళ్లు పంపలేదు. అమ్మ కోర్టుకెక్కింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, తన ఇష్టంతోనే ఉంటోందని ఆ ఇంటి మున్షీ కోర్టులో చెప్పాడు. నన్నెవరూ అడగలేదు. పద్దెనిమిది నిండకపోతేనే అమ్మ మాట చెల్లుతుంది. మా ఊరు శేరిలింగంపల్లిలో మా పుట్టుకలు రాసిపెట్టిందెవరు?

"మా ఎర్రావు రెండో ఈత ఈనిన ఏడు పుట్టింది సారూ" అంది అమ్మ. కోర్టంతా నవ్వింది. నన్ను దవాఖానకు పంపారు.

అక్కడా అమ్మ అదే చెప్పింది. డాక్టరు సారు నవ్వలేదు. దవడకు ఎక్స్‌రే తీసి, చివరి పన్ను వేరు ఎంత దిగిందో చూస్తే వయసు అందాజుగా తెలుస్తుందన్నారు.

"సంతల ఎద్దు పండ్లు జూసి కొంటం గద, గట్లనా సారూ?" అంది అమ్మ.

"గట్లనే అమ్మా. జర లోపలికి జూస్తం, అంతే."

నేను వణకడంతో మొదటి ఫిల్ము మసకగా వచ్చింది. "పంతొమ్మిదని రాసెయ్యండి సాబ్, ఎందుకు పరేషాన్" అన్నాడు వెంట వచ్చిన మున్షీ.

"కనవడనిది రాయను" అని సారు ఇంకో ఫిల్ము పెట్టారు. నా తల మీద చెయ్యి వేసి, "కదలకు బిడ్డా. కండ్లు మూసుకొని మీ ఇంటికి నడిచిపో" అన్నారు.

నడిచాను. మూసాపేట దాటాను. ఎండకు కాగిన రాతిగుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మా గడప దగ్గరికి చేరేసరికి "అయిపోయింది" అన్నారు.

వేరు సగమే దిగిందట. పదిహేనుకు తక్కువ కాదు, పదిహేడుకు ఎక్కువ కాదు అని రాశారు. పదహారని ఒక్క అంకె వేయమని అమ్మ బతిమాలినా వినలేదు. "నాకు తెలిసింది గంతే" అన్నారు. ఆ గంతేతోనే నేను ఇల్లు చేరాను.

ఏటా సీతాఫలాలు తీసుకెళ్లేదాన్ని. అందరికీ తీపి మానమని చెప్పే సారు జేబులో బెల్లం ముక్క ఉండేది. "ఇప్పుడెన్నేండ్లు బిడ్డా?" అనేవారు. నేను చెప్పగానే "ఒక ఏడు అటో ఇటో" అని నవ్వేవారు. నన్ను కన్నది అమ్మే అయినా, నన్ను నాకు ఇప్పించింది ఆయన.

మొన్న ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. గుండ్లు పగలగొట్టి లేపిన అద్దాల మేడలు ఎదురుగా మెరుస్తున్నాయి. కళ్లు మూసుకున్నాను. మేడలు పోయి సీతాఫలం చెట్లు వచ్చాయి. గడప దగ్గర ఎర్రావు తల తిప్పి చూసింది. అయిపోయిందనే గొంతు కోసం కదలకుండా కూర్చున్నాను.