అక్క కోసం జీరో టికెట్

సంక్షేమ పథకాలను ఆరు దేశాల్లో పోల్చే పరిశోధన కోసం కాకినాడ నుంచి సికింద్రాబాద్ వచ్చాను. నా ప్రశ్నావళి బరువుకు నేరేడ్‌మెట్ బస్సు ఓ పక్కకు ఒరిగింది.

ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే. అయినా పక్క వరుసలోని పెద్దావిడ కండక్టర్‌ను వదల్లేదు.

"జీరో టికెట్ జెర సక్కగ కొట్టు బిడ్డా, తారీఖు కనవడాలె."

"పైసల్లేని టికెట్‌కు గింత పరేషానేందమ్మా?" అని నవ్వాడతను.

"దాంతో ఏం చేస్తారమ్మా?" అని నేనడిగాను.

"మా అక్క మంచాన వడ్డది సార్. రోజు పోయి అన్నం తినిపిస్త. నేను బయటికొస్తె చాలు, మర్చిపోయి ఎవ్వలు రాలేదని ఏడుస్తది. అందుకే టికెట్ దిండు కింద పెట్టొస్త. తారీఖు చదువుకొని, చెల్లె వచ్చిందని ఊకుంటది."

ఉచిత ప్రయాణం దేనికి అన్న ప్రశ్న కింద, ఆరు దేశాల పండితులు తలలు బద్దలుకొట్టుకుని గీసినవి మూడే గడులు: ఉద్యోగం, చదువు, వైద్యం. నాలుగోది నేనే చేత్తో గీసి, 'అక్క' అని రాశాను.